హెచ్-4 పిల్లలకు 21 నిండితే: డాకా మాట మరిచిపోండి, ఐ-140 నోటీసు బయటికి తీయండి

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. పాప 2006 అక్టోబరు 12న గుంటూరులో పుట్టింది. 2010లో తల్లిదండ్రులతో హెచ్-4 (హెచ్-1బీ వర్క్ వీసా ఉన్నవాళ్ల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద వచ్చింది. మొన్న అక్టోబరులో 19 నిండాయి, కాలేజీలో కంప్యూటర్స్ చదువుతోంది. తండ్రిది ఈబీ-2 (ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో రెండో కేటగిరీ), ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డ్ వరసలో చోటును నిర్ణయించే తేదీ, 2015 మార్చి. మొదటి కంపెనీ ఐ-140ని (ఉద్యోగి గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) 2015 సెప్టెంబరు 4న వేస్తే 2016 మార్చి 22న అప్రూవ్ అయింది. 2019లో కంపెనీ మారారు. కొత్త కంపెనీ ఐ-140 ప్రీమియంలో (అదనపు ఫీజు కడితే త్వరగా తేల్చే పద్ధతి) వేస్తే తొమ్మిది రోజుల్లో వచ్చేసింది. తమ్ముడు ఇక్కడే పుట్టాడు కాబట్టి సిటిజన్. "పాపకు 21 దాటాక హెచ్-4 పోతుంది, అప్పుడు డాకా వేస్తే వర్క్ పర్మిట్ వస్తుందని మా అపార్ట్‌మెంట్లో ఒకాయన చెప్పారు. నిజమేనా? ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారిస్తే నా గ్రీన్‌కార్డ్ ఫైల్లోంచి పాప పేరు పోతుందా? ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ చేయొచ్చా?"

నమస్తే అండి. నేను అటార్నీని కాదు. న్యూజెర్సీలో ఒక ఇమిగ్రేషన్ లా ఆఫీసులో చాలా ఏళ్లుగా పారాలీగల్‌ని, నా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా మనవాళ్ల ఫైళ్లే. మీ అటార్నీ దగ్గర ఏమేం అడగాలో మీకు ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

ముందు డాకా సంగతి తేల్చేద్దాం. మీ అపార్ట్‌మెంట్లో ఆయన మాట పట్టుకుని స్టేటస్ పోనిస్తే కొంప మునుగుతుంది.

డాకా 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం తెచ్చింది. చిన్నప్పుడే ఈ దేశానికి తీసుకురాబడి, కాగితాలు లేకుండా ఇక్కడే పెరిగిన పిల్లలను రెండేళ్లపాటు దేశం నుంచి పంపించబోమని చెప్పి, ఆ రెండేళ్లకు వర్క్ పర్మిట్ ఇచ్చే ఏర్పాటు అది. గ్రీన్‌కార్డ్ కాదు, వీసా కూడా కాదు. దానికి షరతులున్నాయి. 16 ఏళ్లలోపు వచ్చి ఉండాలి. 2007 జూన్ 15 నుంచి ఇక్కడే ఉంటూ ఉండాలి. 2012 జూన్ 15 నాటికి 31 ఏళ్లు నిండి ఉండకూడదు. ఆ రోజున ఏ లీగల్ స్టేటస్సూ ఉండి ఉండకూడదు. మీ పాప వచ్చింది 2010లో, అక్కడే ఒక షరతు తప్పింది. 2012 జూన్ 15న ఆమె చేతిలో చెల్లుబాటయ్యే హెచ్-4 ఉంది, అక్కడ రెండోది తప్పింది. ఇవి గడిచిపోయిన తేదీలు. ఇప్పుడు స్టేటస్ పోగొట్టుకున్నంత మాత్రాన వెనక్కి వెళ్లి మారవు. కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకున్న కుటుంబం పిల్లలకు, ఆ సక్రమం వల్లనే ఈ రక్షణ దక్కలేదు. అన్యాయంగా అనిపిస్తే అనిపించవచ్చు గానీ రూల్ అదే.

షరతులన్నీ సరిపోయినవాళ్లకు కూడా ఇప్పుడు కొత్తగా డాకా రావడం లేదు. 2017 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేయబోతే, 2020 జూన్ 18న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఆ రద్దు చేసిన పద్ధతి చెల్లదంది. తర్వాత 2021 జూలై 16న టెక్సాస్‌లో జడ్జి హేనెన్ ఇచ్చిన తీర్పుతో కొత్త దరఖాస్తులు ఆగిపోయాయి. వేస్తే తీసుకుంటారు, ఫైల్ కదలదు. పాతవాళ్ల రెన్యువల్స్ మాత్రం నడుస్తున్నాయి. 2025 జనవరి 17న ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, దేశం నుంచి పంపకుండా ఆపే రక్షణను, వర్క్ పర్మిట్‌ను రెండుగా విడదీసి, వర్క్ పర్మిట్ భాగం మీద దెబ్బను టెక్సాస్‌కి పరిమితం చేసింది. అంటే మీరుండే రాష్ట్రంలోనే దానికి ఎక్కువ చిక్కు. మీరు చూడాల్సిన తలుపు అది కాదు.

స్టేటస్ పోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. 18 నిండినవాళ్లు ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు దాటాక 180 రోజులు మించి ఉండి దేశం దాటితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రాకుండా బార్ పడుతుంది. హెచ్-1బీ, ఎఫ్-1, చివరికి గ్రీన్‌కార్డ్ దారులన్నీ ముళ్లకంపలవుతాయి.

ఇక అసలు విషయం. ఇమిగ్రేషన్ చట్టంలో "చైల్డ్" అంటే 21 నిండని, పెళ్లికానివాళ్లు. 21 నిండగానే మీ ఫైల్లో మీ వెనక నడిచే హక్కు పోతుంది, దాన్నే మనం ఏజ్ ఔట్ అంటున్నాం. 2002 ఆగస్టు 6న వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ దీనికి కొంత ఊరట ఇచ్చింది. వీసా నంబర్ అందుబాటులోకి వచ్చిన రోజున, అంటే గ్రీన్‌కార్డ్ వరసలో మీ వంతు వచ్చిన రోజున, పాప వయసు ఎంతో చూసి, అందులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజుల్ని తీసేస్తారు. మిగిలింది 21 లోపు ఉంటే ఆమె ఇంకా చైల్డే. పర్మ్‌కి (ఐ-140కి ముందు కంపెనీ తెచ్చుకునే లేబర్ సర్టిఫికేషన్) పట్టిన ఏడాదో, ఏడాదిన్నరో ఇందులో లెక్కకు రాదు. ఐ-140 వేసిన రోజు నుంచి అప్రూవ్ అయిన రోజు వరకే.

మీ కేసులో ఈ లెక్క దగ్గరే అసలు మెలిక ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. మీ మొదటి ఐ-140 సరిగ్గా 200 రోజులు పెండింగ్‌లో ఉంది. పాపకు 21 నిండేది 2027 అక్టోబరు 12న. దానికి 200 రోజులు కలిపితే 2028 ఏప్రిల్ 29. నంబర్ అందుబాటులోకి వచ్చేది ఆ నెల మొదటి తేదీన అని లెక్కిస్తారు కాబట్టి, 2028 ఏప్రిల్ వీసా బులెటిన్‌లోగా (ఏ ప్రయారిటీ డేట్ దాకా వంతు వచ్చిందో నెలనెలా చెప్పే ప్రకటన) మీ డేట్ కరెంట్ అయితే, అంటే మీ వంతు వస్తే, పాప గట్టెక్కుతుంది. అదే రెండో ఐ-140 పట్టుకుంటే తొమ్మిది రోజులే కలుస్తాయి, 2027 అక్టోబరు 21 అవుతుంది. అంటే 2027 అక్టోబరు బులెటినే ఆఖరిది. ప్రీమియం ఫీజు కట్టి తొందరగా తెచ్చుకున్న అప్రూవల్ పాప గడువులోంచి ఆరు బులెటిన్లను తినేసింది. అక్టోబరు 1 నుంచి వీసాల కొత్త ఆర్థిక సంవత్సరం మొదలై కొత్త కోటా వస్తుంది. తేదీలు కదిలే అవకాశం ఎక్కువగా ఉండే నెలలివే కదా!

చాలామంది అనుకునేది "ప్రయారిటీ డేట్ పాత కంపెనీదే నిలబడింది కాబట్టి పెండింగ్ రోజులూ పాతవే వస్తాయి" అని. రావు. ప్రయారిటీ డేట్ మీతో వస్తుంది, పెండింగ్ రోజులు ఆ పిటిషన్‌తోనే ఉంటాయి. ఏ ఐ-140 ఆధారంగా ఐ-485 (గ్రీన్‌కార్డ్ కోసం మీరు వేసే ఆఖరి దరఖాస్తు) వేస్తారో దాని రోజులే లెక్క. పాత కంపెనీ ఇంకా నడుస్తూ, ఆ ఉద్యోగం మీకు నిజంగా ఇస్తామని, గ్రీన్‌కార్డ్ వచ్చాక మిమ్మల్ని తీసుకుంటామని రాసిచ్చే ఉద్దేశంతో ఉంటే, ఆ పాత ఐ-140 మీద ఐ-485 వేసే దారి ఉంది. ఉత్తుత్తి లెటర్ కుదరదు. ఆ మేనేజర్ ఇంకా ఫోన్ ఎత్తేవాడైతే ఇప్పుడే పలకరించండి. ఇకముందు మీకు కొత్త ఐ-140 వేయాల్సి వస్తే ప్రీమియంలో వేయాలా వద్దా అన్నది పాప పుట్టినతేదీ అటార్నీ ముందు పెట్టి అడగండి. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లకు ఆ ఆలోచన రాదు, వాళ్ల ఫైల్లో పాప పుట్టినతేదీయే ఉండదు.

2025 ఆగస్టులో ఇంకో దెబ్బ తగిలింది. బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి కదా, ఫైనల్ యాక్షన్ డేట్స్ (గ్రీన్‌కార్డ్ ఇవ్వగలిగే తేదీలు) ఒకటి, డేట్స్ ఫర్ ఫైలింగ్ (దరఖాస్తు వేయగలిగే తేదీలు) ఒకటి. రెండోది సాధారణంగా ముందుంటుంది. 2023 ఫిబ్రవరి 14 నుంచి, యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) ఫైలింగ్ పట్టికను అనుమతించిన నెలల్లో పిల్లల వయసునూ దాంతోనే లెక్కగట్టేవారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు మళ్లీ ఫైనల్ యాక్షన్ పట్టికే లెక్క. ఆ తేదీకి ముందు ఐ-485 వేసినవాళ్లకు పాత లెక్కే వర్తిస్తుంది. మీది ఇంకా వేయలేదు కాబట్టి కొత్తదే. దీనివల్ల ఒక వింత పరిస్థితి వస్తుంది. ఫైలింగ్ పట్టిక ప్రకారం మీరందరూ ఐ-485 వేసేయవచ్చు, పాపకు దాని మీద వర్క్ పర్మిట్ కూడా రావచ్చు, అయినా ఫైనల్ యాక్షన్ డేట్ మీ దాకా రాకముందే ఆమెకు లెక్క ప్రకారం 21 దాటితే ఆమె ఐ-485 తిరస్కరిస్తారు. అందుకే ఆ కార్డు రాగానే ఎఫ్-1 వదిలేయవద్దు. ఎఫ్-1 షరతుల్లో లేని పనిని ఆ కార్డు మీద చేస్తే ఎఫ్-1 నిలబడదు. రేపు ఐ-485 పోతే కాళ్ల కింద ఏమీ ఉండదు.

ఇంతకీ మీ డేట్ అప్పటికి వస్తుందా? 2025 జనవరి బులెటిన్‌లో ఈబీ-2 ఇండియా 2012 అక్టోబరు 1 దగ్గర ఉంది, అక్టోబరు బులెటిన్‌లో 2013 ఏప్రిల్ 1 దగ్గర. తొమ్మిది నెలల్లో ఆరు నెలలు నడిచింది. అక్కడి నుంచి మీ తేదీకి ఇంకా రెండేళ్లు నడవాలి. ఉద్యోగాల గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000, పిల్లలూ భార్యాభర్తలూ అందులోనే, ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి. 2022లో కోవిడ్ వల్ల మిగిలిన ఫ్యామిలీ కోటా ఇటు కలిసి మొత్తం 2,81,000 దాటింది. అప్పుడు ఈబీ-2 ఇండియా 2014 డిసెంబరు 1 దాకా దూసుకొచ్చి, ఆ అక్టోబరులోనే 2012 ఏప్రిల్‌కి వెనక్కి పడింది. మీ తేదీకి అది ఓ మూడున్నర నెలల దూరంలో ఆగింది. మీరు ఆ వేసవంతా బులెటిన్ చూస్తూ గడిపి ఉంటారు, నాకు చెప్పక్కర్లేదు. అలాంటి ఏడాది మళ్లీ వస్తుందని లెక్కలేసుకోవద్దు. ఈబీ-3 (ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో మూడో కేటగిరీ) ఒక్కోసారి ముందుంటుంది, 2025 అక్టోబరులో 2013 ఆగస్టు 22 దగ్గర ఉంది, కాబట్టి ఆ దారీ అడిగి చూడండి. నా అంచనా మాత్రం, 2028 ఏప్రిల్‌లోగా మీ తేదీ అందవచ్చు, అందకపోవడానికే ఎక్కువ అవకాశం. అందుకని పాప ఎఫ్-1 తప్పనిసరి అనుకుని మొదలుపెట్టండి.

ఎఫ్-1కి మారితే మీ ఫైల్లోంచి ఆమె పోదు. ఈ భయంతో చివరి నెల దాకా ఆగినవాళ్లను చాలామందిని చూశాను. మీ డేట్ కరెంట్ అయిన రోజున ఆమె లెక్క ప్రకారం 21 లోపు ఉండి, పెళ్లి కాకుండా ఉంటే, ఎఫ్-1లో ఉండి కూడా మీతోపాటు ఐ-485 వేస్తుంది. కరెంట్ అయిన ఏడాదిలోగా వేయాలి, ఆలస్యం చేస్తే ఆ రక్షణ పోతుంది. పెళ్లి మాట ఎందుకంటున్నానంటే, మన ఇళ్లలో అమ్మాయికి 21, 22 రాగానే సంబంధాలు మొదలవుతాయి. గ్రీన్‌కార్డ్ అప్రూవ్ కాకముందు రిజిస్టర్ పెళ్లి అయినా సరే, ఆమె మీ ఫైల్లో చైల్డ్ కాదు.

కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు వెళ్లి ఐ-20 (ఎఫ్-1 కోసం కాలేజీ ఇచ్చే పత్రం) తీసుకోండి, 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థకు) కట్టి, ఐ-539 (స్టేటస్ మార్పు దరఖాస్తు) వేయండి. హెచ్-4 బతికుండగానే ఇది యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి. 21కి కనీసం ఆరు నెలల ముందు అనుకోండి. ఐ-539 ప్రీమియంలో వేస్తే 30 పనిదినాల్లో తేలుతుంది. ఐ-140కి చేటు చేసిన ప్రీమియం ఇక్కడ మేలు చేస్తుంది. పెండింగ్‌లో ఉండగా పాప దేశం దాటకూడదు. మేనమామ కూతురి పెళ్లికని గుంటూరు వెళ్తే ఆ దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. అప్రూవ్ అయ్యాక వెళ్లినా, తిరిగి రావాలంటే ఎఫ్-1 స్టాంపింగ్ (కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ మీద వీసా వేయించుకోవడం) కావాలి, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఆఫీసర్ "చదువయ్యాక తిరిగి వస్తావా?" అని అడిగితే, మూడేళ్లప్పుడు వచ్చేసిన పిల్ల, తండ్రికి గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ నడుస్తున్న పిల్ల, నమ్మించే జవాబు చెప్పాలి. మెక్సికో, కెనడాల్లో స్టాంపింగ్ చేయించుకునే దారిని కూడా 2025 సెప్టెంబరు నుంచి బాగా బిగించారు. సాధ్యమైతే ఈ రెండు మూడేళ్లు ఆమెను కదిలించకండి, అమ్మమ్మనే ఇక్కడికి రప్పించండి.

ఫీజుల సంగతి చూసుకోండి. హెచ్-4 పిల్లలు టెక్సాస్‌లో ఇన్-స్టేట్ ఫీజుకు అర్హులవుతారు. ఎఫ్-1 మీదకు వచ్చాక చాలా రాష్ట్రాల్లో ఆ లెక్క మారుతుంది. మారే ముందు మీ కాలేజీ రిజిస్ట్రార్‌ను రాతపూర్వకంగా అడగండి. ఫెడరల్ ఎయిడ్ అయితే హెచ్-4కీ లేదు, ఎఫ్-1కీ లేదు.

ఇంకో చిన్న విషయం, కానీ మనవాళ్ల ఫైళ్లలో తరచూ దొరికేది ఇదే. పిల్లల ఇండియన్ పాస్‌పోర్ట్ అయిదేళ్లకే ఇస్తారు. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ ఐ-94ని పాస్‌పోర్ట్ గడువు దాకానే వేస్తాడు. తండ్రి ఐ-94 మూడేళ్లకు ఉంటుంది, పాపది ఏడాదికే అయిపోతుంది, ఎవరూ చూసుకోరు. చేతిలో ఉన్న హెచ్-4 అప్రూవల్ నోటీసు మీద తేదీ ఇంకా ఉంది కదా అనుకుంటారు. ఆఖరిసారి దేశంలోకి వచ్చినప్పుడు పడ్డ ఐ-94 ఏదో అదే లెక్క. సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) సైట్‌లో పాప పాస్‌పోర్ట్ నంబర్ కొట్టి ఈ రాత్రే చూడండి. ఇంకొకటి, ఐ-94 మీద 2028 తేదీ ఉన్నా 21 నిండిన రోజుతో హెచ్-4 ముగిసినట్టే.

ఎఫ్-1 తర్వాత? చదువయ్యాక ఏడాది ఓపీటీ (ఎఫ్-1 మీద పనిచేసే అనుమతి), కంప్యూటర్స్ కాబట్టి ఇంకో 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ చదువులకు) పొడిగింపు, ఆలోపు హెచ్-1బీ లాటరీ: 65,000, అమెరికా మాస్టర్స్ వాళ్లకు మరో 20,000. అది వచ్చినా, ఆమె కంపెనీ కొత్తగా పర్మ్ వేస్తే కొత్త ప్రయారిటీ డేట్‌తో వరస చివర నిలబడుతుంది. మీ 2015 డేట్ ఆమెకు రాదు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన క్వెల్యార్ దె ఒసోరియో తీర్పుతో పాత డేట్ పట్టుకునే దారి మూసుకుపోయింది. మీకు గ్రీన్‌కార్డ్ వచ్చాక ఆమె పేరున ఎఫ్2బీ (గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ల 21 దాటిన, పెళ్లికాని పిల్లల కేటగిరీ) వేయొచ్చు, అదీ ఏళ్ల వరసే. బాబు సిటిజన్ కదా, వాడు అక్కకు వేయలేడా అని మీ ఆవిడ అడిగే ఉంటారు. వాడికి 21 నిండాకే వేయగలడు, అక్కచెల్లెళ్ల కేటగిరీ అన్నిటికన్నా పొడవైన వరస.

బిల్లు సంగతి కూడా అడుగుతారు. మీ పాపలాంటి వాళ్లను "డాక్యుమెంటెడ్ డ్రీమర్స్" అంటున్నారు, రెండు లక్షలకు పైనే ఉంటారని అంచనా. దీప్ పటేల్ మొదలుపెట్టిన ఇంప్రూవ్ ది డ్రీమ్ ఈ పిల్లల తరఫున ఏళ్లుగా తిరుగుతోంది. పదేళ్లు ఇక్కడ సక్రమ స్టేటస్‌తో, అందులో కనీసం నాలుగేళ్లు డిపెండెంట్‌గా ఉండి డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు గ్రీన్‌కార్డ్ ఇవ్వాలనే అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ 2021 నుంచి మళ్లీ మళ్లీ ప్రవేశపెడుతున్నారు. 2022 జూలైలో ఏజ్ ఔట్ సవరణ ఒకటి రక్షణ బడ్జెట్ బిల్లుకు తోడై ప్రతినిధుల సభ దాటింది, చివరి బిల్లులో మాత్రం లేదు. మీ కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయండి, పాప చేత రాయించండి. కానీ దాని మీద ఆధారపడి ఐ-539 ఆపుకోవద్దు.

ఇంటర్న్‌షిప్. హెచ్-4 మీద పిల్లలు పని చేయకూడదు. 2015లో వచ్చిన హెచ్-4 ఈఏడీ (వర్క్ పర్మిట్) కొందరు హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వాములకే, పిల్లలకు లేదు. జీతం తీసుకోకపోయినా, వేరేవాళ్లకైతే డబ్బిచ్చే పనిని ఉచితంగా చేయడం కూడా చిక్కే. తెలిసినవాళ్ల గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ మీద, స్నేహితుడి కన్సల్టెన్సీలో "ఊరికే ట్రైనింగ్" పేరుతో కూర్చోబెట్టడం, యూట్యూబ్ ఛానెల్ మోనటైజ్ చేయడం, ఇవన్నీ రేపు ఐ-485లో "అనుమతి లేకుండా పనిచేశావా?" అన్న గడికి జవాబులవుతాయి. ఈ వేసవికే ఇంటర్న్‌షిప్ కావాలంటే ఐ-20 ఇప్పుడే తీసుకుని ఐ-539 ప్రీమియంలో వేయండి. ఏడాది ఫుల్‌టైమ్ చదువు పూర్తయి ఉంటే, చదువుతున్న కోర్సుకు సంబంధించిన పనికి సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) అడగొచ్చు. డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఐ-20 మీద సీపీటీ వేసి ఇచ్చాకే మొదటి రోజు. మేలోగా కుదరకపోతే ఈ వేసవికి ప్రొఫెసర్ దగ్గర క్రెడిట్లకు రీసెర్చ్ చేసుకోమనండి.

రెండు ఐ-140 అప్రూవల్ నోటీసుల మీద రిసీవ్డ్ డేట్, నోటీస్ డేట్ ఒకసారి సరిచూసి రాయండి. మొదటి ఐ-140 పెండింగ్ రోజులు మీరిచ్చిన తేదీల లెక్కకన్నా ఒక్క వారం ఎక్కువ తేలినా 2028 ఏప్రిల్ బులెటిన్ కాస్తా మే అవుతుంది, ఒక నెల తగ్గితే మార్చి అవుతుంది.